పెన్‌డ్రైవ్ నా జేబులో, గ్రబ్ మాత్రం చెల్లి ల్యాప్‌టాప్‌లో

దసరాకి ఊరెళ్ళినప్పుడు ఖాళీగా కూర్చోలేక చెల్లి ల్యాప్‌టాప్ తీసుకుని నా 64 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి లినక్స్ ఎక్కించా. లైవ్ యూఎస్‌బీ (ఇన్‌స్టాల్ చెయ్యకుండా పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్ నడిపేది) కాదు, హార్డ్‌డిస్క్‌లో వేసుకున్నట్టే ఫుల్ ఇన్‌స్టాల్, ఎక్కడికెళ్తే అక్కడ గుచ్చి మన సిస్టమ్ మనం వాడుకోవచ్చని. పార్టిషన్లు నేనే చేశా, ముందు 500 ఎంబీ ఫ్యాట్32తో ఈఎఫ్‌ఐ పార్టిషన్ (సిస్టమ్ లేవడానికి కావలసిన ఫైళ్ళుండే చోటు), మిగతాదంతా లినక్స్ కోసం ఈఎక్స్‌టీ4. బూట్‌లోడర్ (ఆన్ చెయ్యగానే సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్, ఇక్కడ దాని పేరు గ్రబ్) ఎక్కడ వెయ్యాలి అంటే ఎస్‌డీబీ, అంటే నా పెన్‌డ్రైవ్ అనే పెట్టా, రెండుసార్లు చూసుకుని మరీ పెట్టా. రీస్టార్ట్ చేస్తే చక్కగా లేచింది, షట్‌డౌన్ చేసి డ్రైవ్ పీకి జేబులో వేసుకుని రాత్రి బస్సెక్కేశా.

పొద్దున్నే ఫోను. "అన్నయ్యా, నా ల్యాప్‌టాప్‌ని ఏం చేశావ్? నల్లగా ఉంది, గ్రబ్ అని ఏదో వస్తోంది, పదింటికి నాకు క్లాసుంది!"

వీడియో కాల్‌లో చూస్తే నిజమే, నల్ల స్క్రీన్, గ్రబ్ అని, పక్కన కర్సర్ కొట్టుకుంటోంది. ఎగ్జిట్ అని కొట్టి ఎంటర్ నొక్కమన్నా, విండోస్ వచ్చేసింది, హమ్మయ్య. రోజూ తను అలా కొట్టుకుంటూ కూర్చోవడం కుదరదు కదా, బయోస్‌లోకి, అంటే మదర్‌బోర్డ్ సెట్టింగ్స్‌లోకి పంపించి (ఎఫ్2 టైమ్‌కి నొక్కడానికే నాలుగు రీస్టార్ట్‌లు, తిట్లు అదనం) విండోస్ బూట్ మేనేజర్‌ని ఏది ముందు లేవాలనే లిస్టులో పైకి జరిపించా.

ఇక్కడ నా రూమ్‌లో ఇంకో తమాషా, అదే డ్రైవ్ నా ల్యాప్‌టాప్‌కి పెడితే బూట్ అవ్వనే అవ్వదు. పోర్ట్ మార్చా, సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని బూట్‌లోడర్లని ఆపే సెట్టింగ్) ఆపి చూశా, గంట పోయింది. చివరికి ఇంకో లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి ఆ ఫ్యాట్32 పార్టిషన్ తెరిచి చూస్తే ఖాళీ, ఒక్క ఫైల్ లేదు. అప్పుడు వెలిగింది.

పాత బయోస్ రోజుల్లో బూట్‌లోడర్ డిస్క్ మొదటి సెక్టార్‌లో కూర్చునేది, ఎస్‌డీబీ అంటే ఎస్‌డీబీనే. బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్‌ఐలో అది ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో ఒక మామూలు ఫైలు. నేను వాడిన ఇన్‌స్టాలర్ నా మాట పక్కన పెట్టి, మొదటి డిస్క్‌లో అప్పటికే ఉన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో గ్రబ్ పడేసి, ఆ మదర్‌బోర్డ్ మెమరీలో ఉండే బూట్ లిస్టులో దాని పేరు కూడా రాసేసింది. అడిగి మరీ వినకపోవడం ఏంటో! ఊళ్ళో ఉన్న గ్రబ్ ఏమో తన కాన్ఫిగ్ ఫైల్ కోసం నా జేబులో ఉన్న డ్రైవ్‌ని వెతుక్కుంటోంది.

తన లిస్టులో లేని పెన్‌డ్రైవ్ పెడితే యూఈఎఫ్‌ఐ చూసేది ఒకే చోటు, ఈఎఫ్‌ఐ ఫోల్డర్‌లో బూట్ ఫోల్డర్, అందులో బూట్‌ఎక్స్64 అనే ఫైలు. అది అక్కడ పెడితే చాలు. లైవ్‌లోంచి డ్రైవ్‌ని మౌంట్ చేసి, సీహెచ్‌రూట్ కమాండ్‌తో పెన్‌డ్రైవ్‌లోని లినక్స్ లోపలికి వెళ్ళి ముందు ఎఫ్‌ఎస్‌ట్యాబ్ (బూట్ అయ్యేటప్పుడు ఏ పార్టిషన్ ఎక్కడ తగిలించాలో చెప్పే ఫైలు) చూశా, అందులో ఈఎఫ్‌ఐ పార్టిషన్ లైన్‌కి ఇంకా చెల్లి డిస్క్ యూయూఐడీనే (పార్టిషన్ గుర్తింపు నంబరు) ఉంది. ఇది వదిలేస్తే గ్రబ్ సరిగ్గా వేసినా బూట్ మధ్యలో ఆ డిస్క్ కోసం ఒకటిన్నర నిమిషం చూసి ఎమర్జెన్సీ మోడ్‌లో పడేస్తుంది. బీఎల్‌కేఐడీ కమాండ్‌తో పెన్‌డ్రైవ్ యూయూఐడీ చూసి మార్చి, ఆ పార్టిషన్ మౌంట్ చేసి, గ్రబ్-ఇన్‌స్టాల్‌కి రిమూవబుల్ అనే ఆప్షన్ తగిలించి రన్ చేశా. ఆ ఆప్షన్ ఉంటే ఫైల్ సరిగ్గా ఆ చోటుకే వెళ్తుంది, మదర్‌బోర్డ్ మెమరీ జోలికీ పోదు. తర్వాత బూట్ మెనూ తయారుచేసే అప్‌డేట్-గ్రబ్ కొట్టేముందు ఓఎస్-ప్రోబర్ (మెషీన్‌లో ఉన్న వేరే ఓఎస్‌లని వెతికేది) ఆపేశా, లేకపోతే నా ల్యాప్‌టాప్‌లో విండోస్ కూడా మెనూలో చేరిపోయి ఊరూరా తిరుగుతుంది.

ఈసారి ఇన్‌స్టాల్ చేస్తే ముందు జీపార్టెడ్ అనే పార్టిషన్ల టూల్‌లో లోపలి డిస్క్ ఈఎఫ్‌ఐ పార్టిషన్‌కి బూట్, ఈఎస్‌పీ ఫ్లాగ్‌లు (ఇది ఈఎఫ్‌ఐ పార్టిషన్ అని ఇన్‌స్టాలర్‌కి చెప్పే గుర్తులు) తీసేసి, పనయ్యాక మళ్ళీ పెడతా. డెస్క్‌టాప్ అయితే ఆ డిస్క్ కేబులే పీకేస్తా, అంతకంటే సుఖం లేదు. చెల్లి ల్యాప్‌టాప్‌లో మిగిలిన గ్రబ్ ఫోల్డరూ, ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ అనే కమాండ్‌తో బూట్ లిస్టులో దాని ఎంట్రీ సంక్రాంతికి వెళ్ళి తీసెయ్యాలి, పక్కనే మైక్రోసాఫ్ట్ ఫోల్డర్ ఉంటుంది కాబట్టి కాస్త చూసుకుని. అదీ తను ముట్టుకోనిస్తే.