స్టెల్త్ అంటే మాయమవడం కాదు, ఆలస్యంగా కనబడటం

స్టెల్త్ యుద్ధవిమానం రాడార్‌కి అసలు కనబడదని చాలామంది నమ్మకం. కనబడుతుంది. కాకపోతే బాగా దగ్గరికి వచ్చాక. రాడార్ ఎంత దూరం నుంచి పసిగడుతుందన్నది విమానపు రాడార్ క్రాస్ సెక్షన్‌కి (అంటే అది రాడార్‌కి ఎంత పెద్దగా కనబడుతుందో చెప్పే కొలతకి) నాలుగో మూలాన్ని బట్టి మారుతుంది. క్రాస్ సెక్షన్‌ని పదహారో వంతుకి దించితే దూరం సగమవుతుంది, అంతే. దూరం పదో వంతుకి పడిపోవాలంటే క్రాస్ సెక్షన్‌ని పదివేలో వంతుకి దించాలి. 10 చదరపు మీటర్ల క్రాస్ సెక్షన్ ఉన్న విమానాన్ని 300 కిలోమీటర్ల నుంచే పట్టే రాడార్, 0.001 చదరపు మీటరుదైతే 30 కిలోమీటర్ల దగ్గరికి వచ్చేదాకా పట్టలేదు. స్టెల్త్ కోసం పడే పాట్లన్నీ ఈ లెక్క కోసమే.

ఇందులో సింహభాగం ఆకారానిదే. రాడార్ తరంగాల్ని పీల్చుకునే పూత పాత్ర ఆ తర్వాతే. అంచుల దగ్గర తరంగాలు ఎలా చెదురుతాయో సోవియట్ శాస్త్రవేత్త ప్యోటర్ ఉఫింత్సెవ్ 1962లో గణితంలో చూపించాడు. 1970ల మధ్యలో అమెరికా విమాన సంస్థ లాక్‌హీడ్‌లో డెనిస్ ఓవర్‌హోల్సర్ దాని ఆధారంగా కంప్యూటర్ ప్రోగ్రాం రాయించాడు. అప్పటి కంప్యూటర్లకి చదును పలకల లెక్కే చేతనవును, అందుకే 1981లో ఎగిరిన అమెరికా స్టెల్త్ విమానం ఎఫ్-117కి ఆ పలకల ఒళ్లు. వంపుల లెక్క కుదిరాక తర్వాతి స్టెల్త్ విమానాలు బీ-2, ఎఫ్-22 నునుపుదేరాయి.

ఎదురుగా చూసే రాడార్‌కి బాగా మెరిసేవి ఇంజన్ ఫ్యాన్ బ్లేడ్లు. వాటిని దాచడానికే గాలి గొట్టాన్ని మెలికలు తిప్పుతారు. కాక్‌పిట్ లోపలి సీటు, హెల్మెట్ కూడా తరంగాల్ని తిప్పి కొడతాయి కాబట్టి అద్దానికి విద్యుత్ ప్రవహించే పలచని పూత వేస్తారు. రెక్కల, తోకల, తలుపుల అంచుల్ని కొన్ని కోణాలకే సమాంతరంగా పెడితే ప్రతిధ్వనులు ఆ కొన్ని దిక్కులకే పోతాయి.

అసలు తలనొప్పి నిర్వహణలో ఉంది. ఎఫ్-117కి ముందు రూపమైన హావ్ బ్లూ పరీక్షల్లో మూడు మరలు సరిగా బిగించక 3 మిల్లీమీటర్ల లోపే పైకి లేచాయి, అంతమాత్రానికే విమానం రాడార్‌లో స్పష్టంగా కనబడింది. లోపల ఏదైనా మరమ్మతుకి ప్యానెల్ తెరిస్తే పని అయ్యాక సందులు పూడ్చాలి, పూత మళ్లీ వేయాలి, అది గట్టిపడేదాకా ఆగాలి. తొందరపడి వదిలేస్తే విమానం ఎగురుతుంది గానీ స్టెల్త్ ఉండదు. వాన, ఇసుక పూతని తినేస్తూ ఉంటాయి. ఎఫ్-35లో ఈ బెడద తగ్గించడానికి తరంగాల్ని పీల్చుకునే పదార్థాన్ని కొంతవరకు విమానపు పైతొడుగులోనే కలిపేశారు.

ఆయుధాలూ కడుపులోనే మోయాలి. ఎఫ్-35ఏ లోపల పట్టేది రెండు 2,000 పౌండ్ల బాంబులు, విమానాల్ని కొట్టే రెండు ఆమ్రామ్ క్షిపణులు. రెక్కల కింద తగిలిస్తే బరువు ఇంకా మోస్తుంది, గుట్టు మాత్రం రట్టవుతుంది.

ఆకారం, పూత ప్రధానంగా సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యానికి కుదిర్చినవి. మీటర్ల పొడవు తరంగాలకి తోక, రెక్క అంచు లాంటి భాగాలు దాదాపు సమానమైన కొలతలో ఉండి ప్రతిస్పందిస్తాయి. 1999 మార్చి 27న సెర్బియాలో ఎఫ్-117ని కూల్చిన దళం వెతుకులాటకి వాడింది మీటరు తరంగాల పీ-18 రాడారే, కొట్టింది పాత ఎస్-125 క్షిపణి. అలాంటి రాడార్ దిక్కు చెప్తుంది గానీ క్షిపణిని గురి చేసేంత కచ్చితత్వం దానికుండదు. ఆ మిగతా పని దగ్గరున్న వేరే రాడార్ చేయాలి.

అందుకే నేటి వాడకం ఒంటరి దాడి కాదు. ఎఫ్-35 లాంటివి ముందుకెళ్లి, తమ రాడార్‌ని ఆచితూచి వాడుతూ లక్ష్యాల్ని గుర్తించి ఆ సమాచారాన్ని డేటాలింక్‌తో (రేడియో ద్వారా) పంపిస్తాయి, వెనకున్న మామూలు విమానాలు ఎక్కువ క్షిపణుల్ని మోస్తాయి.