బొబ్బర్ల కుకీలు

పోయిన మార్చిలో మా పెద్దది నాతో రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. కారణం ఒక ఓట్స్ కుకీ.

మేం ఉండేది అమెరికాలోని మినియాపొలిస్‌లో. దానికి 11 ఏళ్లు, చిన్నోడికి 7. ఇద్దరికీ ఓట్స్ కుకీలంటే ప్రాణం. పప్పులు, గుడాలు అంటే మాత్రం పళ్లెం పక్కకు జరుపుతారు. హన్మకొండలో నా చిన్నప్పుడు బడి నుంచి రాగానే అమ్మ గిన్నెడు బొబ్బర్ల గుడాలు పెట్టేది. ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, కరివేపాకు వేసిన పోపు వాసన గేటు దగ్గరికే వచ్చేది. ఆ రుచి నా పిల్లల నోటికి ఎక్కకపోతే ఏదో ఒకటి నా చేతిలోంచి జారిపోతున్నట్టే ఉండేది. అందుకని దొంగదారి పట్టాను. డబ్బాలో వచ్చే తెల్ల బీన్స్ కడిగి, మెత్తగా రుబ్బి, కుకీల పిండిలో సగం వెన్నకు బదులు అదే కలిపాను. ఏడాదిపాటు ఇద్దరూ అడిగి మరీ తిన్నారు.

ఒకసారి పెద్దది కుకీలో తెల్లటి పొట్టు ముక్క చూసి ఇదేంటమ్మా అని అడిగింది. ఓట్స్ అన్నాను. నేను చేసిన తప్పు అదే. మార్చిలో ఒక శనివారం ఖాళీ డబ్బా దాని కంటపడింది. ఏం చేశావని అడిగితే, ఇక చెప్పేయొచ్చు, నవ్వుకుంటుందిలే అనుకున్నాను. అది నవ్వలేదు. చేతిలో ఉన్న సగం కుకీ బల్ల మీద పెట్టింది. "నేను అడిగాను కదా. నువ్వు ఓట్స్ అన్నావు" అంది. కళ్లల్లో నీళ్లు. కుకీలో బీన్స్ ఉన్నందుకు కాదు ఆ ఏడుపు, అడిగినా అమ్మ నిజం చెప్పనందుకు.

జూన్‌లో సెలవులకు వచ్చినప్పుడు ఈ సంగతి అమ్మకు చెప్పాను. మా ఇల్లు హన్మకొండ వడ్డేపల్లిలో. అమ్మ వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. అంతా విని, తలెత్తకుండానే అడిగింది. "బొబ్బర్లో బీన్సో ఏసినవని చెప్తే ఏమైతది?"

"తినరమ్మా."

"ఒక పూట తినకపోతే ఏమాయె? నువ్వు దాస్తే అది దాసిపెట్టే వస్తువనుకుంటది బిడ్డ. మనం తినేటియి మంచిగుండయి కాబట్టే అమ్మ దాస్తున్నదనుకుంటది."

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బీన్స్ ఒక్కటే కాదు. స్నేహితులు ఇంటికొస్తున్నారంటే చింతకాయ తొక్కు జాడీ లోపలికి పెట్టాను. టిఫిన్ బాక్సులో పులిహోర పెట్టమంటే, వాసన వస్తుందేమో, ఎవరైనా ఏమైనా అంటారేమో అని సాండ్‌విచ్ పెట్టాను. పిల్లలు ఇబ్బంది పడకూడదనే చేశాను. కానీ ఇబ్బంది పడాల్సిన విషయం ఒకటుందని వాళ్లకు నేర్పింది కూడా నేనే.

రెండు రోజుల తర్వాత అమ్మ పెద్దదాన్ని తీసుకుని ఆటోలో వరంగల్ బీట్ బజారుకు బయల్దేరింది. నేనూ వెంట వెళ్లాను. మూతులు మడిచిపెట్టిన బస్తాల్లో కందులు, పెసర్లు, ఉలవలు, శనగలు, బొబ్బర్లు. పిల్ల ఒక్కో బస్తా ముందు ఆగి చెయ్యి లోపలికి పెట్టి చూస్తోంది. అమ్మ ఒక బొబ్బర గింజ పంటి కింద పెట్టి కొరికి, "ఇవి పాతయి, ఎంత ఉడికిచ్చినా గట్టిగనే ఉంటయి" అని పక్క కొట్టుకు నడిచింది. పాత గింజ ఉడకదన్న మాట నిజమే. నిల్వ ఉన్న కొద్దీ పప్పు దినుసుల లోపల గట్టిదనం పెరుగుతుంది, నీళ్లు త్వరగా పీల్చుకోవు. అమెరికాలో నేను కొనే ఎండు బీన్స్ సంచి మీద తేదీ చూస్తాను తప్ప గింజను ఎప్పుడూ కొరికి చూడలేదు.

ఇంటికొచ్చాక చాటలో పోసి రాళ్లు ఏరడం. అమ్మ చెరుగుతుంటే గింజలు లేచి మళ్లీ చాటలోనే పడతాయి. పెద్దది చెరిగితే సగం నేలమీద. అవి ఏరుకోవడానికి చిన్నోడు మంచం కిందికి దూరాడు. రాత్రి నానబెట్టిన గింజలు పొద్దునకల్లా రెండింతలయ్యాయి. నల్ల కన్ను పెద్దదై, పొట్టు ముడతలు పోయి నున్నగా ఉంది. ఆ నీళ్లను అమ్మ మల్లెచెట్టుకు పోసింది. ఎందుకు పారబోశావని పెద్దది అడిగింది. అడిగితే నిజం చెప్పే అవకాశం ఈసారి వదులుకోలేదు. బొబ్బర్లు, శనగలు, రాజ్మా లాంటి వాటిలో రాఫినోజ్ వంటి చక్కెరలు ఉంటాయి, మన చిన్నపేగు వాటిని అరిగించుకోలేదు, పెద్దపేగులో బాక్టీరియా వాటిని తిని గ్యాస్ పుట్టిస్తుంది, నానిన నీళ్లు పారబోస్తే కొంత పోతుంది అని చెప్పాను. దానికి ఇలాంటివి ఇష్టం. చిన్నోడు మాత్రం గ్యాస్ అన్న మాట పట్టుకుని రోజంతా నవ్వాడు.

ఇక్కడ ఒక్క జాగ్రత్త చెప్పాలి. నానిన బొబ్బర్లకు కుక్కర్‌లో రెండు మూడు విజిల్స్ చాలు. రాజ్మా అలా కాదు. పచ్చి రాజ్మాలో లెక్టిన్ అనే ఒక రకం మాంసకృత్తు ఉంటుంది, సరిగ్గా ఉడక్కపోతే వాంతులు, విరేచనాలు అవుతాయి. దాన్ని నానబెట్టి, నీళ్లు మార్చి, కనీసం 10 నిమిషాలు తెర్లేలా మరిగించాలి. మాలాంటి వాళ్లం పొద్దున స్లో కుక్కర్‌లో పడేసి ఆఫీసుకు వెళ్తాం కదా, స్లో కుక్కర్ వేడి దానికి సరిపోదు. ముందు పొయ్యి మీద మరిగించాకే అందులో వేయాలి. డబ్బా రాజ్మాకు ఈ బాధ లేదు, అది ఉడికించిందే.

కుక్కర్ మూత తీయగానే అమ్మ ఒక గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కింది. మెత్తగా అణిగిపోయింది, లోపల పలుకు లేదు. "చూడు, గిట్ల కావాలె" అని పిల్ల వేళ్ల మధ్య ఇంకో గింజ పెట్టింది. ఉడికిన నీళ్లు వేరే గిన్నెలోకి వంచింది. ఆ కట్టుతోనే మధ్యాహ్నం చారు. బక్షాలు చేసినరోజు శనగపప్పు కట్టుతో చారు పెట్టినట్టే.

బక్షాలు అనగానే పెద్దది ఆగిపోయింది. "బక్షాల్లో పప్పు ఉంటుందా?"

ప్రతి ఉగాదికి మినియాపొలిస్‌లో నేను బక్షాలు చేస్తాను. నెయ్యి వేసుకుని రెండేసి తింటుంది. లోపల ఉన్న పసుపచ్చటి పూర్ణం ఏమిటో దానికి ఇన్నేళ్లూ తెలియదు. శనగపప్పు, బెల్లం, యాలకులు అని అమ్మ చెప్పింది. "అది కూడా దాచారా అమ్మమ్మా?" అని అనుమానంగా అడిగింది. "దాసుడేంది బిడ్డా, పూర్ణమంటేనే పప్పు. నువ్వు అడగలే, మీ అమ్మ చెప్పలే" అంది అమ్మ. పిల్ల కాసేపు ఆలోచించి, "అంటే బీన్స్ స్వీట్‌లో వేయడం మన ఇంట్లో ముందు నుంచీ ఉంది" అంది. అది 'మన ఇంట్లో' అనడం నేను విన్నాను.

ఉడికిన బొబ్బర్లలో కొన్ని తీసి, ఈసారి చెప్పే కుకీలు చేశాం. పిండి కొలతలు ఇవి. ఉడికిన బొబ్బర్లు 1 కప్పు, నీళ్లు పూర్తిగా వంచి, ఆరబెట్టి రుబ్బాలి. ఓట్స్ ఒకటిన్నర కప్పు, అంటే దాదాపు 150 గ్రాములు, అందులో సగం పొడి కొట్టాలి. వేడి నీళ్లలో నానిన 8 ఖర్జూరాలు గింజ తీసి బొబ్బర్లతోనే రుబ్బేయాలి. బెల్లం తురుము 80 గ్రాములు, నెయ్యి 60 గ్రాములు, వంటసోడా అర చెంచా, ఉప్పు చిటికెడు, యాలకుల పొడి, గుప్పెడు కిస్మిస్. గుడ్డు అక్కర్లేదు, ఖర్జూరమే పట్టి ఉంచుతుంది. కలిపాక 20 నిమిషాలు వదిలేయాలి. ఓట్స్ తేమ పీల్చుకుని పిండి గట్టిపడుతుంది.

నేను టైమర్ పెట్టుకున్నాను. అమ్మ పెట్టుకోలేదు. పూర్ణం ముద్ద చూసినట్టే కొంచెం తీసి అరచేతిలో ఉండ చేసింది. "చెయ్యికి అంటుతుంది, ఇంక జర ఓట్స్ పొడి ఎయ్యి" అంది. రెండు చెంచాలు వేశాక ఉండ నున్నగా వచ్చింది. నేను ఏడాదిపాటు చేసినవి అడుగున తడితడిగా ఎందుకుండేవో అప్పుడర్థమైంది.

ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్, మా తమ్ముడిది, కాజీపేట నుంచి తెచ్చాడు. 180 డిగ్రీల దగ్గర ముందుగా వేడి చేసి మొదటి ట్రే 14 నిమిషాలు పెట్టాం. అంచులు రంగు తిరిగాయి, నడుమ పచ్చిగా ఉంది. మామూలు కుకీలో వెన్న కరిగి పిండి పరుచుకుంటుంది. బీన్స్ పిండి పరుచుకోదు, మనం ఎలా పెడితే అలాగే కూర్చుంటుంది. పలచగా ఒత్తాలని నాకు తెలుసు, అయినా ఉండలు లావైపోయాయి. అమ్మ రెండో ట్రే ముందు పెట్టుకుని, ఒక్కోదాన్ని ఒత్తి, నడుమ వేలితో చిల్లు పెట్టింది. సర్వపిండికి పెట్టినట్టు. చిల్లు ఉంటేనే నడుమ కూడా వేగుతుందని చెప్పింది. పెద్దది మిగిలినవాటికి తనే చిల్లులు పెట్టింది, చూపుడువేలు నెయ్యిలో ముంచుకుంటూ. ఆ ట్రే నడుమ కూడా సమంగా కాలింది. మిగిలిన పిండిని అమ్మ పెనం మీద సన్నటి సెగన మూత పెట్టి కాల్చింది. నా మట్టుకు నాకు అవే బాగున్నాయి, అడుగు కరకరలాడుతూ.

ఆరోగ్యం మాటకొస్తే, ఉన్నదున్నట్టు చెప్తాను. మా బాపుకు కొలెస్ట్రాల్ ఉందని ఇంట్లో రోజూ ఓట్స్ జావ కాస్తారు. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే కరిగే పీచు ఉంటుంది. రోజుకు 3 గ్రాములు అందితే గుండె జబ్బు ముప్పు తగ్గవచ్చని ప్యాకెట్ల మీద రాసుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో అనుమతించింది. మా కుకీ ఒక్కోదానిలో ఓట్స్ 7, 8 గ్రాములే, దాంతో బాపు గుండె బాగుపడుతుందని నేను అనను. బెల్లం కూడా చక్కెరే. మేడారంలో సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు ఇచ్చే బెల్లాన్ని బంగారం అంటాం, దాని మీద నాకు ఎంత భక్తి ఉన్నా ఒంట్లోకి వెళ్లాక అది చేసే పని చక్కెర పనే. పిల్లలకు రోజుకు 25 గ్రాములకు మించి కలిపిన చక్కెర వద్దని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016లో చెప్పింది. ఈ కొలతతో 20 కుకీలు వస్తే ఒక్కోదానికి బెల్లం 4 గ్రాములు. ఖర్జూరం, కిస్మిస్‌లలో ఉన్న తీపి వేరే, అదీ తక్కువేమీ కాదు, కానీ పీచుతో కలిసి వస్తుంది. రెండు తింటే చాలంటాను. పప్పన్నంలో ఉన్న లాభం ఇందులోనూ ఉంది. ఓట్స్ మాంసకృత్తుల్లో ఒంటికి కావాల్సిన లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, బొబ్బర్లలో అది దండిగా ఉంటుంది.

అమ్మ పల్లీలు కూడా వేయించి, పొట్టు నలిపి వేద్దామంది. ఇక్కడ తినడానికి వేశాం. మా పిల్లల బడిలో మాత్రం పల్లీలు తేనివ్వరని చెప్తే నమ్మలేదు. "పల్లీలు తింటె పానం మీదికొస్తదా?" అంది. కొందరు పిల్లలకు నిజంగానే వస్తుంది, గొంతు వాచి ఊపిరాడదు. నువ్వులను కూడా అమెరికాలో 2023 నుంచి ముఖ్యమైన అలెర్జీ పదార్థాల్లో తొమ్మిదోదిగా చేర్చారు. అంటే సంక్రాంతి సకినాలు క్లాసుకు పంపాలన్నా ముందు చెప్పాలి. అందరిళ్ల పిల్లలకూ పంచేటప్పుడు లోపల ఏముందో చెప్పి తీరాలన్న విషయంలో అక్కడి బడి, మా అమ్మ ఒకే మాట మీద ఉన్నారు.

చిన్నోడు ఒక కుకీలోంచి కిస్మిస్‌లు ఏరుకుని తిని మిగతాది వదిలేశాడు. ఇదివరకైతే నాకు టెన్షన్ వచ్చేది. ఇప్పుడు ఊరుకున్నాను. వాడికి అందులో ఏముందో తెలుసు, నచ్చలేదు, అంతే. గుడాలు మాత్రం అమ్మమ్మ పక్కన కూర్చుని నాలుగు గింజలు తిన్నాడు.

ఆగస్టులో తిరిగొచ్చాం. సెప్టెంబరులో ఒక శుక్రవారం సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింటి గట్టు మీద గిన్నెలో బొబ్బర్లు నానుతున్నాయి. పొద్దున బడికి వెళ్లేముందే పెద్దది పోసి వెళ్లిందట. సోమవారం క్లాసుకు కుకీలు తీసుకెళ్తానని టీచర్‌ను అడిగి వచ్చింది. బాక్స్ మూత మీద అంటించడానికి కాగితం కూడా రాసి పెట్టింది. ఓట్స్, బ్లాక్ ఐడ్ పీస్, ఖర్జూరాలు, బెల్లం, నెయ్యి, కిస్మిస్. వాటి కింద తెలుగులో, వంకర అక్షరాలతో, బొబ్బర్లు. 'బ్బ' ఒత్తు రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాసింది.

రాత్రి 8 గంటలకు అమ్మమ్మకు వీడియో కాల్ చేసింది. హన్మకొండలో అప్పుడు శనివారం పొద్దున ఆరున్నర. అమ్మ టీ గ్లాసుతో ఫోన్ ముందు కూర్చుంది. పిల్ల కుక్కర్‌లోంచి ఒక గింజ తీసి, ఊదుకుని, రెండు వేళ్ల మధ్య పెట్టి కెమెరా ముందు నొక్కింది.

అమ్మ ఫోన్‌ను కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. "నడుమల పలుకున్నది బిడ్డా. ఇంకొక్క కూత రానియ్యి."