ఏ ఊళ్లో ఉన్నావు తమ్ముడూ?

2018లో తిత్లీ తుపానుకి శ్రీకాకుళం జిల్లాలో మా సోంపేట వైపు కొబ్బరితోటలు నేలకూలాయి. మరుసటి ఏడే వెల్డర్‌గా సౌదీ వచ్చాను, జుబైల్‌కి. మా ఉద్దానం కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపులో తరచూ ఎవరిదో ఒక గోడు వినిపిస్తుంది.

ఓ రాత్రి పదకొండు సెకన్ల వాయిస్ వచ్చింది. "అన్నయ్యా, నాను ఇక్కడ ఇరుక్కుపోనాను. ఎలాగోలాగ ఇంటికి పంపించండి." వెనక ఏసీ మోత. ఆ వాయిస్ కింద వరసగా దండాలు, "ధైర్యంగా ఉండు తమ్ముడూ" అన్న మాటలు. సాయం చేసే మనసు అందరికీ ఉంది. ఏం చెయ్యాలో మాత్రం ఆ వాయిస్‌లో లేదు.

ఫోన్ చేశాను. ఏ ఊళ్లో ఉన్నావు? యాన్బూ. మా జుబైల్ వాళ్లు అడగాల్సింది రియాద్‌లో మన ఎంబసీని, యాన్బూ వాళ్లు జెడ్డాలో మన కాన్సులేట్‌ని. పాపం, రెండు వారాలుగా రియాద్‌కే ఫోన్లు కొడుతున్నాడు. ఇకామా, అదే అక్కడ ఉండడానికిచ్చే పర్మిట్, ఎప్పుడు అయిపోయింది? "సానా రోజులైంది." సౌదీ ప్రభుత్వ యాప్ అబ్షర్ తెరిచి చూడమంటే, అయిపోయి నాలుగు నెలలు. జీతం ఏ నెల నుంచి లేదు? పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది? వీసా కాగితం ఫొటో నాకొక్కడికే పంపమన్నాను. అలాంటివి గ్రూపులో పెట్టకూడదు. అరబీలో "ఆమిల్ మంజిలీ" అని ఉంది, ఇంటి పనివాడని. కంపెనీలో హెల్పర్ పని అని చెప్పి ఎక్కించాడట ఏజెంటు. ఇంటిపనివాళ్లు సౌదీ లేబర్ చట్టం కిందికి రారు, వాళ్లకి నిబంధనలు వేరు. కంపెనీ వాడనుకుని మేం ఇచ్చే సలహా ఒక్కటీ వాడికి పనికొచ్చేది కాదు.

ఆఖర్న అడిగాను. "నీకు ముందు ఏటి కావాల? ఆగిన జీతమా, ఇంటికెళ్లిపోయే ఫైనల్ ఎగ్జిట్టా?"

చాలాసేపు మాట్లాడలేదు. ఆ సంగతి వాణ్ని అంతవరకూ ఎవరూ అడగలేదు. "అమ్మకి ఒంట్లో బాగోలేదన్నయ్యా. ముందు ఎల్లిపోతాను."

ఇద్దరం కలిసి ఆరు వరుసలు రాశాం: ఊరు, వీసా రకం, ఇకామా అయిపోయిన తేదీ, పాస్‌పోర్టు కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) దగ్గర, జీతం లేని నెలలు, కావలసింది ఎగ్జిట్. అదే రాత మందసలో వాళ్ల చెల్లెలు విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్లో ఎక్కించింది, ఇంట్లోవాళ్లూ పెట్టొచ్చు. గ్రూపులోనూ పెట్టాం, నంబర్లు లేకుండా.

మర్నాడు సాయంత్రమే మా వైపు కంచిలి ఆయనొకరు రాశారు: "యాన్బూలో ఎక్కడ బాబూ? నేనూ ఇక్కడే. శుక్రవారం సెలవు, వస్తాను."

మొదటి వాయిస్ ఆయనా విన్నారట.