చెయ్యెత్తితే ఆగే మిషను

"కదిలితే నాలుక తెగుతది, చూస్కో."

ఆరేళ్ల పిల్లతో ఒక పళ్ల డాక్టరు అన్న మాట ఇది. హన్మకొండలోనే. పేరు రాయను. డ్రిల్లు కూత కన్నా, సూది కన్నా ఆ మాటే మా బిడ్డకు గుచ్చుకుంది. ఆ తర్వాత నెల రోజులు బ్రష్షుకు కూడా సరిగ్గా నోరు తెరవలేదు.

అంతకు ఆరు నెలల ముందు కింది వరుసలో, ఎడమవైపు చివరి పాలపన్ను మీద నల్ల మచ్చ చూపిస్తే ఆయనే "పాలపన్నే కదా, ఊడేదే" అన్నాడు. ఊడుతుంది, కానీ పదో ఏడు దాటాకే. అందాకా దాని వెనక ఆరో ఏట వచ్చే శాశ్వత దవడపన్ను ముందుకు జరగకుండా ఆపేది ఆ పాలపన్నే. మెడికల్ షాపు నడిపే నాకూ ఆ రోజు ఎదురు అడగాలని తోచలేదు. ఈ కోపంలో నా వాటా నాకుంది.

పాలపన్ను పెంకు పలచన, లోపల నరం గది పెద్దది. పుచ్చు తొందరగా దిగుతుంది. అది నరానికి తగిలిన రాత్రి ఒంటిగంటన్నరకు పిల్ల చెంప పట్టుకుని లేచింది. పడుకోబెడితే నొప్పి ఎక్కువ, కూర్చోబెడితే కాస్త నయం. పడుకున్నప్పుడు తలలో రక్తపు ఒత్తిడి పెరుగుతుంది, వాచిన నరానికి ఆ గట్టి గోడల మధ్య ఉబ్బే జాగా ఉండదు. అవ్వ లవంగ నూనె తెచ్చింది. చిగురుకు తగిలితే కాలుతుందని వద్దన్నాను. "సమ్మక్క తల్లీ, పిల్లెత్తు బంగారం ఇచ్చుకుంట" అని, అంటే పిల్ల బరువంత బెల్లం మొక్కి మూలకు కూర్చుంది. నేను అదే బరువుతో మందు లెక్క కట్టాను: 18 కిలోలు, కిలోకు 15 మిల్లీగ్రాముల పారాసిటమాల్, మొత్తం 270. 5 మి.లీ.లో 250 ఉండే సిరప్ కాబట్టి 5 మి.లీ. చాలు. సీసా మీద 125 అని ఉంటే ఇదే గరిటె సగం డోసే. గంటకోసారి టార్చి వేసి కంటి కింద, దవడ కింద చూశాను. వాపు పాకినా, జ్వరమొచ్చినా, మింగలేకపోయినా తెల్లారేదాకా ఆగొద్దు, నేరుగా వరంగల్ ఎంజీఎం పెద్దాసుపత్రికే.

డ్రిల్లుకు జడిసిన పిల్ల కోసం లేజర్‌తో పన్ను తొలిచే డాక్టరును వెతికాం. "లేజర్ ఉందా" అంటే అందరూ ఉందనే అంటారు. ఏ లేజరో అడగండి. 810 నుంచి 980 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉండే డయోడ్ లేజర్ చిగురు పనికే. పన్ను తొలిచేది ఎర్బియం: 2,940 లేదా 2,780. ఆ కిరణాన్ని నీరు బాగా పీల్చుకుంటుంది. పన్నులోని తడి క్షణంలో ఆవిరై చిన్నచిన్న పొరలుగా పేలిపోతుంది. పుచ్చిన భాగంలో తడి ఎక్కువ కనుక అదే ముందు పోతుంది. మొన పన్నుకు తగలదు, గిర్రున తిరిగే ముక్క లేదు, ఆ అదురూ లేదు. పేలాలు వేగినట్టు టపటప చప్పుడు మాత్రం ఉంటుంది, ముందే చెప్పకపోతే పిల్లలు దానికీ జడుస్తారు.

కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ వెళ్లాం. అక్కడి పిల్లల డాక్టరమ్మ నీళ్ల తుంపర ముందు పిల్ల గోరు మీద చూపించింది. "ఎడమ చెయ్యి ఎత్తితే ఆపేస్తా తల్లీ" అంది. ఆ లేజరుకు సరిపడే అద్దాలు అందరికీ పెట్టింది. మొదట తక్కువ శక్తితో, మొన దూరంగా పట్టి పన్నంతా తిప్పుతూ మొద్దుబార్చింది. తర్వాత శక్తి పెంచి పెంకు తొలిచింది, లోపలి మెత్తటి పొరకు మళ్లీ తగ్గించింది. నీళ్లు తగ్గినా, మొన ఒక్కచోటే నిలిచినా పన్ను వేడెక్కుతుంది, నొప్పి అప్పుడే పుడుతుంది. కుడివైపు రెండు చిన్న పుచ్చులు సూది లేకుండానే అయిపోయాయి. డ్రిల్లు కన్నా చాలాసేపు పట్టింది. పిల్ల మూడుసార్లు చెయ్యెత్తింది, మూడుసార్లూ ఆగింది. నాకు దండం పెట్టాలనిపించింది.

నరం దాకా పోయిన ఎడమ పన్నుకు మాత్రం లేజర్ ఒక్కటే చాలదని ఆమే చెప్పింది. తిమ్మిరి జెల్ రాసి రెండు నిమిషాలాగి, సూది మందు మెల్లగా ఎక్కించి, పంటి పైభాగంలోని నరం తీసి స్టీలు టోపీ వేసింది. తిమ్మిరి పోయేదాకా రెండు మూడు గంటలు పెదవి కొరక్కుండా కాపలా కాయాలి. వచ్చేటప్పుడు జనగామ దాకా నా వేలు పెదవి దగ్గరే.

సూది లేకుండా అన్నీ అవుతాయని బోర్డు రాసేవాళ్లంటే నాకిప్పటికీ మంటే. పంట్లో పాత లోహపు ఫిల్లింగు ఉంటే దాన్ని ఈ లేజర్ తొలగించదని కూడా చెప్పరు.

పిల్ల ఇప్పుడు 20 కిలోలు. మొక్కు బెల్లం రెండు కిలోలు పెరిగిందని అవ్వ సంబరం. మేడారం నుంచి తెచ్చిన ముక్క నోట్లో వేసి, ఆ వెంటనే చెంబు అందించి "పుక్కిలించు బిడ్డా" అంటోంది.