నా బొమ్మకి వందేళ్లు లేవని రుజువు చేసుకున్నాను

నిన్న సాయంత్రం కాగితం చేతికొచ్చింది. పోయిన వేసవిలో నేను వేసిన బొమ్మ పురాతన వస్తువు కాదని ప్రభుత్వం ఒప్పుకుంది. మూడు వారాలు పట్టింది.

బొమ్మ మా అమ్మమ్మగారి మండువా ఇల్లు. డాలస్‌లో ఉన్న తమ్ముడు కావాలన్నాడు. కొరియర్ వాళ్లు, పెయింటింగ్ కదా, పురాతనం కాదన్న సర్టిఫికెట్ లేకపోతే కస్టమ్స్‌లో ఆగిపోతుందన్నారు. వందేళ్లు దాటిన చిత్రాల్ని మనంతట మనం దేశం దాటించకూడదని 1972 నాటి చట్టం. మంచి చట్టమే, కాదనను. అప్లికేషన్, ఫొటోలు, ఆధార్ నకలు ఒక్క పూటలో అయిపోయాయి.

అసలు కథ పురావస్తు శాఖ ఆఫీసులో బొమ్మ చూపించే రోజున. పదిన్నరకి రమ్మని రెండింటికి పిలిచారు. నా కొడుకు వయసున్న కుర్రాడు. ముందు ఫ్రేము విప్పించాడు. బొమ్మని తిరగేశాడు, వాసన చూశాడు.

"కాగితం పాతది మేడమ్."

"పాతది కాదు బాబూ, రంగులకి ముందు టీ డికాషన్ పూశాను."

"ఎందుకు?"

ఏం చెప్పను? మధ్యాహ్నం మండువాలోకి దిగే ఎండ ఆ రంగులో ఉండేదన్నాను. పక్క టేబుల్ ఆయన నవ్వాడు.

"ఈ ఇల్లు ఎక్కడుంది?"

"పడగొట్టేశారు."

"ఫొటో ఉందా?"

"లేదు."

"మరి చూడకుండా ఎలా వేశారు?"

నలభై ఏళ్లుగా కుంచె పట్టినదాన్ని. బళ్లో పాఠం అప్పజెప్పే పిల్లలా నిలబడి, అరుగు మీద కుంచం ఎవరిదో, గోలెం అంచు ఎలా పగిలిందో చెప్పుకున్నాను. అంతా విని, "సంతకం కింద తేదీ లేదు కదా మేడమ్" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆటోలో ఏడుపొచ్చింది.

ఒకటి మాత్రం దాచను. ఏడుపు తగ్గాక కాస్త గర్వం కూడా వచ్చింది. చిన్నప్పుడు నాన్న నన్ను రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు గ్యాలరీకి తీసుకెళ్లేవారు. రామారావు గారు 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయారు. నిజంగా వందేళ్లు దాటినవంటే ఆయన బొమ్మలు. వాటి ముందు గంటలకొద్దీ నిలబడ్డ చెయ్యి నాది. నా బొమ్మని చూసి ఓ ఉద్యోగి ఆ కాలందేమో అని అనుమానపడ్డాడంటే, ఇన్నేళ్లలో నన్ను అంతగా మెచ్చుకున్న విమర్శకుడు ఒక్కడూ లేడు.

చివరికి కాపాడింది వాట్సాప్. సగం వేసిన బొమ్మ, పక్కన టీ గిన్నె, ఫొటో తీసి మే నెలలో తమ్ముడికి పంపాను. రెండోసారి వెళ్లి తేదీతో సహా చూపిస్తే రెండు నిమిషాల్లో తల ఊపాడు. జ్ఞాపకాన్ని నమ్మనివాళ్లు ఫోనుని నమ్ముతారు.

మీరు వెళ్లేటప్పుడు ఫ్రేము కట్టించకండి, నాకు మళ్లీ కట్టించడానికి 600 రూపాయలైంది. వేస్తుండగా ఫొటోలు తీసిపెట్టుకోండి. గేటు దగ్గర "నేను చేయించి పెడతా" అనేవాళ్లకి పైసా ఇవ్వొద్దు. టిఫిన్ తిని వెళ్లండి.

రాత్రి నుంచి ఇంట్లో బొమ్మలన్నీ తిరగేసి వెనక పెన్సిల్‌తో ఏడాది రాస్తున్నాను. పదకొండు బొమ్మలకి ఏ ఏడాదో గుర్తు రావట్లేదు.