పెరట్లో రేల చెట్టు పెంపకం: నా అనుభవం

ఒంగోలులో మా ఇంటి వెనుక ఖాళీ స్థలంలో పూల చెట్టు పెంచాలనుకున్నప్పుడు చాలామంది తురాయి వేయమన్నారు. తురాయి మడగాస్కర్ నుంచి వచ్చినది. మన అడవుల్లోనే పుట్టి, నడివేసవిలో పసుపు గుత్తులు వేలాడదీసే రేల ఉండగా నాకు తురాయి మీదికి మనసు పోలేదు.

గిద్దలూరు వైపు నుంచి బంధువులు తెచ్చిన మూరెడు రేలకాయను పగలగొడితే, లోపల బిళ్లల్లాంటి అడ్డుపొరలు, వాటి మధ్య నల్లటి జిగురు గుజ్జు అంటిన గింజలు ఉన్నాయి. గింజ పెంకు నీటిని లోపలికి రానివ్వనంత గట్టిది కనుక, ఊరికే నాటితే నెలల తరబడి మొలవకపోవచ్చు. అందువల్ల లోపలి లేతరంగు కనిపించేదాకా అంచును గరుకు బండ మీద రుద్ది, రాత్రంతా నానబెట్టి, ఉబ్బిన గింజలనే సంచుల్లో వేశాను. ఉబ్బనివాటిని మళ్లీ రుద్దాను.

అసలు శ్రమంతా నేల దగ్గరే. వేరూనిన రేల ఎండకు ఓర్చుకుంటుంది గానీ, వేళ్ల దగ్గర నీరు నిలిస్తే ఓర్చుకోదు. మాది నల్లరేగడి; పైగా మనకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరు వాయుగుండాలతో కురుస్తాయి. ఇసుక, ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు కలిపి మోకాలెత్తు దిబ్బ పోసి, దానిమీద మొక్క నాటి, చుట్టూ నీరు పోయే కాలువ తీశాను. రేల చిక్కుడు కుటుంబానిదే అయినా, నత్రజనిని పట్టే వేరుబుడిపెలు దానికి రావు. కాబట్టి ఏటా పాదులో ఎరువు వేస్తూనే ఉన్నాను.

వానలకు చిగురు వేయగానే ఆకు నడిఈనె వెంట, ఆకు రంగులోనే కలిసిపోయి, పచ్చటి గొంగళిపురుగులు కనిపించాయి. మందు కొట్టమన్నారు, నేను ఒప్పుకోలేదు. అవి లేత పసుపు సీతాకోకచిలుకల పిల్లలు, రేల ఆకు వాటి సహజాహారం. ఆకులు పోయిన కొమ్మలు మళ్లీ చిగిర్చాయి.

గింజ నుంచి పెంచిన రేల పూయడానికి ఏళ్లు పడుతుంది. ఆకు రాల్చిన కొమ్మలకు మా చెట్టు మొదటి గుత్తులు వేసిన వేసవిలో, ఒక్కో పువ్వులోని పది కేసరాల్లో మూడు మాత్రమే పొడవుగా సాగి పైకి వంపు తిరగడం దగ్గరగా చూశాను. ఆ పూలు కాయలై నల్లగా పండడానికి మరుసటి వేసవి దాకా ఆగాలి. ఆ గుజ్జు బలమైన విరేచనకారి కనుక, రాలిన కాయలను పిల్లలకు అందకుండా ఎప్పటికప్పుడు ఏరేస్తున్నాను.