హెడ్ విప్పే ముందు వీప్ హోల్ చూడండి

కువైట్ షువైఖ్‌లోని ఒక బైక్ గ్యారేజీలో మొన్న ఒక బండి ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో కనబడగానే మనవాడొకడు హెడ్ (ఇంజిన్ పైభాగం) బోల్టుల మీద స్పానర్ పెట్టాడు. ఆయిల్‌లో నీళ్లుగానీ, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్‌గానీ కలిస్తే వచ్చే రంగు అది. ఫోర్‌మన్ గట్టిగానే అన్నాడు: "ముందు చూడు, తర్వాత విప్పు. మీ దేశంలో ఇంతేనా?" మొదటి మాట న్యాయమే. రెండోదే మింగుడుపడడం లేదు.

మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగేవి గాలితో చల్లబడే బళ్లు. వాన నీళ్లలో మునిగొచ్చిన బండి ఆయిల్ తెల్లబడితే దింపి, ఫ్లష్ చేసి, కొత్తది పోస్తారు. అక్కడ అదే సరైన వైద్యం. రేడియేటర్ ఉన్న పాత జపాన్ బండి చేతికే రానివాణ్ణి పని రాదనడం అన్యాయం. ఇక్కడికొచ్చాక మాత్రం పని వరస మార్చుకోవాలి. చలి దేశాల్లో ఇంజిన్‌లో పట్టే తేమ వల్ల కూడా ఆయిల్ తెల్లబడుతుంది. ఆగస్టు ఎండలో ఆ మాట నిలవదు.

ముందు కూలెంట్‌ను తిప్పే వాటర్ పంపు చూడాలి. షాఫ్ట్ మీద నీళ్లవైపు మెకానికల్ సీల్, ఇంజిన్‌వైపు ఆయిల్ సీల్ ఉంటాయి. వాటి మధ్య, పంపు కింద చిన్న రంధ్రమే వీప్ హోల్. అందులోంచి కూలెంట్ కారితే మెకానికల్ సీల్ పోయినట్టు, ఆయిల్ కారితే ఆయిల్ సీల్. ఇక్కడి ఇసుక దుమ్ముకు ఆ రంధ్రం పూడుకుపోతే, కారే దారి లేక కూలెంట్ ఆయిల్ సీల్ దాటి లోపలికే పోతుంది. సన్నటి తీగతో శుభ్రం చేయండి, సీలుకు తగలనివ్వొద్దు.

తర్వాత, ఇంజిన్ పూర్తిగా చల్లారాక ప్రెషర్ టెస్ట్. రేడియేటర్‌లోకి మూత మీద రాసినంతే గాలి ఒత్తిడి ఎక్కించాలి, చాలా బళ్లలో అది 1.1 బార్. ముల్లు దిగుతూ బయటెక్కడా తడి లేదంటే లీకు లోపలే. హెడ్ గాస్కెట్ (హెడ్ కింద ఉండే సీలు పొర) మీద అనుమానముంటే రేడియేటర్ నోటి దగ్గర బ్లాక్ టెస్టర్ (గ్యాస్‌ను పట్టే నీలి ద్రవం గొట్టం) పెట్టండి. నీలి ద్రవం పసుపుగా మారిందా, సిలిండర్ గ్యాస్ కూలెంట్‌లోకి వస్తోంది. హెడ్ విప్పే సమయం అప్పుడు.

కూలెంట్ మీద నూనె తేలుతూ, ఆయిల్ శుభ్రంగా ఉంటే? కొన్ని హోండాల్లో ఫిల్టర్ వెనక కూలెంట్‌తో చల్లబడే ఆయిల్ కూలర్ ఉంటుంది, దాన్ని చూడండి. నడుస్తున్న ఇంజిన్‌లో ఆయిల్ ప్రెషర్ కూలెంట్ ప్రెషర్ కంటే చాలా ఎక్కువ, అందుకే నూనె నీళ్లలోకి పోతుంది.

రేడియేటర్‌లో తుప్పురంగు బురద కనబడితే కుళాయి నీళ్లను అనుమానించాలి. కువైట్ కుళాయి నీళ్లు సముద్రపు నీటి నుంచి తీసినవే కదా, డిస్టిల్డ్ వాటరే కదా అని పోసేస్తారు. తాగడానికి పనికొచ్చేలా వాటిలో ఉప్పగా ఉండే భూగర్భజలం కొంత కలుపుతారు. సీసాలో దొరికే డిస్టిల్డ్ వాటర్, సిలికేట్ లేని కూలెంట్ సగం సగం కలపండి. సిలికేట్ పంపు సీలును అరగదీస్తుంది.

రేడియేటర్, కూలెంట్ దారులు కడిగేటప్పుడు డిస్టిల్డ్ వాటర్ పోసి, థర్మోస్టాట్ (వేడెక్కాక కూలెంట్‌కు దారి తెరిచే వాల్వ్) తెరుచుకునేదాకా ఇంజిన్ నడిపి, చల్లారాక దింపాలి. తేటగా వచ్చేదాకా ఇదే పని. ఆయిల్, ఫిల్టర్ మార్చాక కాసేపు నడిపి మళ్లీ మార్చాలి. "గ్యారేజీదాకా నడుపుకొస్తా" అనే యజమానిని మాత్రం ఆపండి. కూలెంట్‌లోని గ్లైకాల్ కలిసిన ఆయిల్ బేరింగులను తినేస్తుంది, బండిని పికప్‌లో ఎక్కించి తెమ్మనండి.